నా ముక్కుకు పరంజా

మా ఇంట్లో ముక్కు పుట్టుకతో వచ్చేది కాదు, ఒకరు పూనుకుని చేసిపెట్టేది. నేను పుట్టినప్పుడు నా ముఖం మధ్యలో ఉన్నది ముక్కు కాదనీ, రెండు చిల్లులున్న బూరె అనీ మా సుభద్రక్క ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. అక్క నాకంటే పదేళ్లు పెద్దది. అమ్మ నన్ను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి నీళ్లు పోస్తుంటే, ముక్కు తీర్చే ఉద్యోగం అక్కకిచ్చారట. వేళ్లకు నూనె అద్దుకుని, ముక్కు మొదలు నుంచి కొస దాకా రెండు పక్కలా మెత్తగా నొక్కుకుంటూ రావడం. మన ఇళ్లలో పసిపిల్లలందరికీ చేసేదే. కానీ అక్క దృష్టిలో అది శిల్పకళ. ఆ తర్వాత నాకు పెళ్లి కుదిరినా, ఉద్యోగం దొరికినా, వీసా ఆఫీసర్ నన్ను చూసి ఓ నవ్వు నవ్వినా, ఆ ఘనత మొత్తం ఆవిడ బొటనవేలిదే.

అక్క ఇప్పుడు టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో ఉంటుంది. అక్కడి అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్లకు బిడ్డ పుడితే, పిల్లల డాక్టర్ కంటే ముందు మా అక్కకు ఫోన్ వెళ్తుంది. ఆవిడ వెళ్లి నీళ్లు పోసి, ముక్కు తీర్చి, కాఫీ తాగి వస్తుంది. ఇర్వింగ్ ఇండియన్ స్టోర్‌లో ఏ పిల్లకు కోటేరు ముక్కు కనిపించినా, అది తన చేతి పనేనేమోనని కూరగాయల బుట్ట పక్కనపెట్టి మరీ పరీక్షిస్తుంది.

అలాంటి చెయ్యి తిరిగిన మనిషి చేసిన మొదటి ముక్కు నాది. అందులో కుడివైపు భాగాన్ని నిరుడు ఇక్కడి డాక్టర్లు కోసేశారు. దాని స్థానంలో ఒక పరంజా కట్టారు. ఆ పరంజాను మా అక్క కూల్చబోయింది. ఇప్పుడు అంతా సర్దుకుంది కనుక, ఇది రాస్తున్నాను. మీలో ఎవరికైనా ముక్కు మీద ఎంతకీ మానని పొక్కు ఉంటే, ఇక్కడే చదవడం ఆపి ముందు అపాయింట్‌మెంట్ బుక్ చేసుకోండి. వ్యాసం ఎక్కడికీ పోదు. ముక్కు పోతుంది.

ఫిబ్రవరి

మొదట అది ఆవగింజంత పొక్కు. కుడి ముక్కుపుటం మీద, కళ్లజోడు దిగిపోయినప్పుడు వచ్చి ఆనే చోట. కాబట్టి తప్పు కళ్లజోడుదని తీర్మానించి జోడు మార్చాను. పొక్కు మెంతిగింజంత అయింది. మిరియం అరగదీసి పెట్టాను, పసుపు పెట్టాను, గంధం పెట్టాను. ఆఫీస్ మీటింగ్‌లో నా ముక్కు మీద ఏదో పూజ జరుగుతోందని మా మేనేజర్ అనుమానించి, మతవిశ్వాసాలంటే తనకు ఎంతో గౌరవమని విడిగా మెసేజ్ పెట్టాడు. పొక్కు శనగపప్పంత అయింది.

రాలీ పక్కనున్న మా మోరిస్‌విల్‌లో, అందరూ తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కు వెళ్తే చాలు, వంటకాల కంటే వైద్యాలు ఎక్కువ దొరుకుతాయి. వేడి చేసిందని ఒకరు, గోధుమలు మానేయమని ఒకరు, పొద్దున్నే మెంతినీళ్లు తాగమని ఒకరు. చర్మానికి సంబంధించింది ఏమోనని ఒకావిడ అంటే, నేనే గొప్పగా నవ్వి, ఎండకు పాడయ్యేది తెల్లవాళ్ల చర్మమనీ, మనది గ్యారంటీతో వచ్చిన రంగనీ ఉపన్యాసం ఇచ్చాను. అందరూ తలలూపారు. నా ప్లేట్‌లో ఎవరో ఇంకో గారె వేశారు.

మా ఆవిడ ఉమ మాత్రం గారె వేయలేదు. ఇంటికి వచ్చాక, "ఏమండీ, ఈ పొక్కు మన ఇంట్లో దీపావళి చూసింది, క్రిస్మస్ చూసింది, సంక్రాంతి చూసింది. ఉగాదికి కూడా ఉంటే దానికి బట్టలు పెట్టాలి," అంది. మర్నాడే చర్మం డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది.

ఏప్రిల్

దొరికిన అపాయింట్‌మెంట్ ఏప్రిల్‌లో. ఉగాదికి పొక్కు ఉంది. బట్టలు పెట్టలేదు.

డాక్టర్ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం చెప్పడానికి మళ్లీ పిలిచారు. చర్మానికి వచ్చే క్యాన్సర్లలో ఇది చాలా నెమ్మదస్తురాలనీ, దూరప్రయాణాలు ఇష్టపడదనీ, ఉన్నచోటే ఉండి తింటుందనీ ఆమె ఎంతో ఓపికగా చెప్పింది. నాకు మాత్రం ఆ వాక్యంలో ఒక్క మాటే వినిపించింది. మిగతాదంతా చేపల తొట్టిలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంది.

కార్ ఉమే డ్రైవ్ చేసింది. హైవే మీంచి మా ఇంటికి దిగే ఎగ్జిట్ దాటిపోయింది. తర్వాతి ఎగ్జిట్ కూడా దాటిపోయింది. ఇద్దరం చూశాం. ఇంటి దారి తప్పినంతసేపూ ఆ మాట ఇంట్లోకి రాకుండా ఉంటుందన్నట్టు అలా పోతూనే ఉన్నాం. చివరికి ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర ఆపి, ఉమ ఒక చిప్స్ ప్యాకెట్ కొని తెచ్చి నా చేతిలో పెట్టింది. "ముక్కే కదా," అంది.

ఆ సాయంత్రమే ఇంట్లో తీర్మానం జరిగింది: సుభద్రక్కకు చెప్పకూడదు. మనవాళ్ల ఇళ్లలో జబ్బు వచ్చినవాడికి మందు కంటే ముందు చేసే ఏర్పాటు ఇది. అంతా అయ్యాక చెబుదాం, ఇప్పుడే ఎందుకు కంగారు పెట్టడం. దాంతో అక్కతో వీడియో కాల్స్‌లో నా కెమెరా పాడైపోయింది. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పాడైపోయే ఉంది. ఐటీలో పనిచేసేవాడి కెమెరా అన్ని నెలలు బాగుపడకపోతే అక్క నమ్మిందా అంటే, నమ్మింది. నా ఉద్యోగం మీద ఆవిడకు మొదటినుంచీ ఆ మాత్రం నమ్మకమే.

జూన్

సర్జన్ నా కూతురి కంటే రెండేళ్లు పెద్దదేమో అనిపించేంత చిన్న మనిషి. డాక్టరమ్మ అనే అంటాను. చెడిన భాగం తీసేయడం తేలికనీ, తీసేశాక అక్కడ ముక్కును మళ్లీ నిలబెట్టడమే పని అనీ చెప్పింది. పైన కప్పడానికి చర్మం నా నుదుటి నుంచి వస్తుంది. ఆ పద్ధతిని ఇప్పటికీ ఇండియన్ పద్ధతి అనే అంటారట, మన దేశంలో పుట్టింది కాబట్టి. నేను కుర్చీలో రెండంగుళాలు పైకి లేచాను, ఆ పద్ధతి మా తాతగారు కనిపెట్టినట్టు.

కానీ చర్మం ఒక్కటే ఉంటే అది తడి తువ్వాలులా వేలాడుతుంది. లోపల ఆధారం కావాలి. చెవిలోంచో పక్కటెముకలోంచో కాస్త మృదులాస్థి తీసి పెట్టడం ఒక దారి. ఒక్క ముక్కు కోసం ఒంట్లో మిగతా అవయవాల దగ్గర చందాలు వసూలు చేయడం నాకు నచ్చలేదు. రెండో దారి, వాళ్లు పరీక్షిస్తున్న కొత్త పద్ధతి. మెషీన్‌తో అచ్చువేసిన ఒక జల్లెడలాంటి ముక్క. ఒంట్లో కరిగిపోయే పదార్థం. దాన్ని లోపల పెడితే, దాని కన్నాల్లోకి నా సొంత కణాలు పాకి, అల్లుకుని, గట్టిపడతాయి. ఈలోగా అది మెల్లగా కరిగిపోతుంది.

నేనూ మా కీర్తీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కీర్తి మా కూతురు, ఇక్కడే పుట్టింది, రాలీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతోంది. దాని కాలేజీ ల్యాబ్‌లో రోజంతా రకరకాల వస్తువులను మెషీన్‌లో పెట్టి నుజ్జు చేస్తారు. దానికి అది చదువు.

డాక్టరమ్మ ఒక ట్రేలో మూడు ముక్కలు తెచ్చి నా ముందు పెట్టింది, నొక్కి చూడమని. మూడూ చూడ్డానికి ఒకేలా, వేలిగోరంత జంతికల్లా ఉన్నాయి. మొదటిది నొక్కితే నా వేలే నొప్పెట్టింది. ఎర్రగా కాల్చిన చేగోడీ. రెండోది నొక్కగానే తడిసిన పూతరేకులా చతికిలబడి మళ్లీ లేవలేదు. మూడోది నొక్కితే వంగింది. వదిలితే, ఎవరో బతిమాలినట్టు, మెల్లగా లేచి తన ఆకారానికి వచ్చింది. పిండి బాగా పులిసిన ఇడ్లీ.

చేగోడీ పెడితే, నేను నవ్వినప్పుడల్లా, నమిలినప్పుడల్లా లోపల రాసుకుని, చివరికి చర్మం చీల్చుకుని బయటికి వస్తుందట. పూతరేకు పెడితే, గాలి పీల్చినప్పుడల్లా లోపలికి కూలి ముక్కు మూసుకుపోతుందట. ఇడ్లీయే కావాలి.

కీర్తి ట్రే మీదికి వంగి, అలా వంచి వదలడం ఎన్నిసార్లు చేసి చూశారని అడిగింది. డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ నా ముక్కు గురించి నన్ను వదిలేసి చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి కీర్తి నావైపు తిరిగి, "నాన్నా, స్ట్రాంగ్‌గా ఉంటే గుడ్ కాదు. నీ రియల్ ముక్కు ఎంత వంగుతదో ఇది కూడా అంతే వంగాలి. జస్ట్ మ్యాచ్ అవ్వాలి," అంది.

జాతకాలు కలవాలన్నమాట అన్నాను. అది కళ్లు తిప్పింది.

నాకు మాత్రం మేడ కట్టేటప్పుడు కట్టే పరంజా గుర్తొచ్చింది. సర్వీ బాదులు తాళ్లతో కట్టి, మేస్త్రీలు వాటి మీద నిలబడి గోడ లేపుతారు. గోడ తన కాళ్ల మీద తాను నిలబడ్డాక తాళ్లు విప్పేస్తారు. ఈ పరంజా తేడా ఏమిటంటే దాన్ని ఎవరూ విప్పరు, అదే మర్యాదగా మాయమైపోతుంది. అయితే గోడ ఆరకముందే అది కూలితే మాత్రం మొత్తం మళ్లీ మొదలు. అప్పుడు పక్కటెముకే గతి. నుదుటి చర్మం రెండోసారి ఇంత బాగా దొరకదు. ఆ ముక్కు ఇలా ఉంటుందని మాట ఇవ్వలేనని డాక్టరమ్మ నవ్వకుండా చెప్పింది. సంవత్సరం పాటు దాన్ని ఎవరూ నొక్కకూడదు, అదొక్కటే నియమం అంది.

నా ముక్కును ఎవరు నొక్కుతారు అన్నాను. ఎందుకు నవ్వానో గానీ నవ్వాను. ఉమ నవ్వలేదు. ఆవిడకు ఇర్వింగ్ గుర్తొచ్చిందట.

వినాయక చవితి

ఆగస్టులో ఆపరేషన్ అయింది. దాని గురించి నాకేమీ తెలియదు, నిద్రపోయాను. లేచి అద్దం చూసుకుంటే నాకు తొండం ఉంది.

అతిశయోక్తి కాదు. నుదుటి చర్మాన్ని పూర్తిగా కోయకుండా, ఒక కొస అక్కడే ఉంచి, మెలితిప్పి, రెండో కొసను ముక్కుకు కుట్టారు. కొత్త చోట రక్తం అలవాటు పడేదాకా ఆ వంతెన అలా కనుబొమల మధ్య నుంచి ముక్కు మీదికి వేలాడుతూ ఉండాల్సిందే. సరిగ్గా చవితి వారంలో. నేను గుమ్మం దాటనని భీష్మించాను. దాటకపోయినా ఫలితం లేకపోయింది. పక్కింటి తెలుగువాళ్ల మూడేళ్ల పాప వాళ్లమ్మతో వచ్చి, నన్ను తేరిపార చూసి, తన చేతిలో సగం కొరికిన ఉండ్రాయి నా కాళ్ల దగ్గర పెట్టి దండం పెట్టింది. వాళ్లమ్మకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాపకు పరీక్షలేవీ లేవని విచారించి, ఆశీర్వదించి పంపాను.

అసలు కష్టం కళ్లజోడు. ముక్కు మీద పెట్టకూడదు, నుదుటికి అంటించడానికి నుదురు లేదు. జోడు లేకపోతే నాకు ఉమకూ ఫ్రిజ్‌కూ తేడా తెలియదు. ఒకసారి ఫ్రిజ్‌ను కాఫీ అడిగాను.

ఆ కష్టం తీర్చింది వెయిటింగ్ రూమ్. కట్లు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడల్లా అక్కడ వేన్ గారని ఒక పెద్దాయన ఉండేవాడు, పొగాకు పండించే రైతు. జీవితమంతా ట్రాక్టర్ మీద ఎండలో గడిపి ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. ఆయనకూ పరంజాయే, కాకపోతే పెద్ద సైజు. నన్ను చూసి, తాను చెవి సాగు చేస్తున్నాననీ, నేను ముక్కు వేసినట్టున్నాననీ, ఇద్దరి పంటా చేతికొస్తే ఒక మంచి తలకాయ అవుతుందనీ అన్నాడు. కుట్లు లాగేస్తున్నా నవ్వాను.

ఆయనకు కళ్లజోడు తగిలించుకోవడానికి చెవి లేదు, నాకు ముక్కు లేదు. ఆయన జోడు మాత్రం ముఖం మీద నిక్షేపంగా ఉంది. టోపీ అంచుకు రెండు కాగితాల క్లిప్పులు పెట్టి, వాటికి దారం కట్టి, జోడును వేలాడదీసుకున్నాడు. నేను అటే గుడ్లప్పగించి చూస్తుంటే, మరుసటి వారం నాకోసం అలాంటిదే ఒక టోపీ తెచ్చాడు. దాని మీద ట్రాక్టర్ బొమ్మ ఉంది. దాన్ని తన ఒళ్లో పెట్టుకుని, నా కళ్లకు ఎంత దూరం కావాలో చూసి చూసి, ఆ మొద్దు వేళ్లతో దారం ముడులు సరిచేశాడు. నర్స్ పిలుస్తున్నా ఆగమని చెయ్యి చూపించి, ఆ పని పూర్తి చేసే లేచాడు. టోపీ పెట్టుకుంటే ఉమ కనిపించింది. ఏడుస్తోంది.

అక్టోబర్

తొండం తీసేశారు. ఇప్పుడు ముక్కు ఉంది, అయితే అది ముక్కని ముందుగా చెప్పాలి. వాచి, నున్నగా, వెడల్పుగా, ఎవరో హడావుడిలో నూనెలో వేసిన బోండాలా ఉంది. వాపు నెలల తరబడి మెల్లగా తగ్గుతుందన్నారు. కుడి రంధ్రంలోంచి గాలి వస్తోంది, చిన్న ఈల వేస్తూ. ఆ ఈల నాకు ఎంత ముద్దొచ్చేదంటే ఆఫీస్ మీటింగుల్లో మ్యూట్ చేసుకోవడం మానేశాను.

ఇక అక్కకు చెప్పాలి. ఉమ చెప్పింది. అక్క ఒకే ఒక ప్రశ్న అడిగింది, రాలీకి ఫ్లైట్ ఎన్నింటికి అని. వస్తూ వస్తూ పెట్టెలో అరిసెలు, కారప్పొడి, నువ్వుల నూనె సీసా తెచ్చింది. ఆ సీసా చూసి ఉమ నావైపు చూసింది. వంటకేమో అన్నాను.

అక్క గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. నేను టోపీ తీశాను. ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడనంత చిన్నదైపోయింది.

"ఏరా చిట్టీ, నా ముక్కేదిరా?"

అంతే అంది. వెంటనే వంటింట్లోకి వెళ్లి, ఉమ పెట్టిన పప్పులో ఉప్పు లేదని చెప్పి, స్టవ్ దగ్గర అటు తిరిగి చాలాసేపు నిలబడింది.

కీర్తి మేనత్తను కూర్చోబెట్టి, ఇడ్లీ, చేగోడీ, పూతరేకుల ఉదాహరణలతో పరంజా విషయమంతా చెప్పింది. నొక్కకూడదన్నది మాత్రం మూడు రకాలుగా చెప్పింది. అక్క అన్నిటికీ సరేనంది. కానీ ఆవిడ వేళ్లు వినలేదు. నా ఎదురుగా కూర్చున్నప్పుడల్లా బొటనవేలు, చూపుడువేలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉండేవి. టీవీలో పసిబిడ్డ కనిపిస్తే చాలు, చేతులు చీర కొంగులో చుట్టేసుకునేది. పదిహేను రోజులు అలా నిగ్రహించుకుంది. మునులకు కూడా సాధ్యం కాదు.

నవంబర్

ఆ మధ్యాహ్నం ఉమ ఇండియన్ స్టోర్‌కు వెళ్లింది. కీర్తి కాలేజీలో ఉంది. నేను భోంచేసి, కిటికీ దగ్గర వాలుకుర్చీలో, ఎండలో కునుకు తీస్తున్నాను.

ముందు నువ్వుల నూనె వాసన వచ్చింది. తర్వాత గోరువెచ్చటి వేలు ఒకటి ముక్కు మొదట్లో ఆనింది. అక్కడినుంచి మెల్లగా, కుడిపక్కగా, కొస దాకా వచ్చింది. మళ్లీ పైనుంచి మొదలైంది.

వెంటనే లేవాల్సింది. లేవలేదు. ఆగస్టు నుంచి నా ముఖాన్ని తాకినవాళ్లంతా గ్లౌజులు వేసుకునే తాకారు. ఉమ సైతం భయపడి నా చెంప దగ్గరికి చెయ్యి తెచ్చి వెనక్కి తీసుకునేది. ఇన్ని నెలల తర్వాత ఒక ఉత్త వేలు, ఇది గాజు వస్తువు కాదు, ముఖం, అన్నట్టు వచ్చి తాకితే, నాలో యాభై మూడేళ్ల వాడు లేవమంటున్నాడు, ఆరు నెలల వాడు పడుకోమంటున్నాడు. చిన్నవాడు గెలిచాడు.

మూడోసారి ఇంకాస్త గట్టిగా నొక్కింది. ఈల ఆగిపోయింది.

నేను కళ్లు తెరిచాను. కుడి ముక్కుతో పీల్చి చూశాను. గోడ. మళ్లీ చూశాను. గోడే. అక్క నా ముఖం చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది. నూనె గిన్నె కింద పడింది. సరిగ్గా అప్పుడే ఉమ బెండకాయల సంచీతో లోపలికి వచ్చింది. జరిగింది నూనె వాసనే చెప్పేసింది.

కార్‌లో ఉమ, పక్కన నేను, వెనక సీట్లో అక్క. ఈసారి ఏ ఎగ్జిట్టూ తప్పలేదు. ఆస్పత్రి దగ్గరి సిగ్నల్ దాకా డ్రైవ్ చేసి, అక్కడ ఉమ అద్దంలోకి చూస్తూ అంది:

"వదినా, ఈ మనిషి ముఖాన్ని కోడిగుడ్డు మోసినట్టు మోసుకొస్తున్నాను. ముద్దు పెట్టాలన్నా భయమే. మీరు నొక్కారు."

సిగ్నల్ మారాక అక్క అంది.

"అది వాడిలా లేదు ఉమా. ఎవరిదో తెచ్చి పెట్టుకున్నట్టుంది. వాణ్ని వాడిలా చేసేసి వెళ్దామనుకున్నాను."

వెయిటింగ్ రూమ్‌లో అక్క తన కుడిచేతిని ఒళ్లో, అది తనది కానట్టు, వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. బొటనవేలు నూనెతో మెరుస్తోంది. కాసేపటికి ఉమ లేచి, సంచీలోంచి టిష్యూ తీసి, ఆ వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది. తుడిచాక చెయ్యి వదల్లేదు.

కీర్తి క్లాస్ ఎగ్గొట్టి పరుగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ లోపలికి లైట్ వేసి చూసి, పెదవి విరిచి, మళ్లీ చూసింది. లోపలంతా ఉబ్బిపోయిందనీ, దారి మూసింది వాపో, కూలిన పరంజానో ఇప్పుడే చెప్పలేననీ అంది. తర్వాత అక్కవైపు తిరిగి, ఎంత గట్టిగా నొక్కారని అడిగింది. అక్కకు ఇంగ్లీష్ వచ్చు. అయినా బొటనవేలితో గాలిలోనే నొక్కి చూపించింది. డాక్టరమ్మ సొరుగులోంచి అదే ట్రే తీసి, మూడో ముక్క అక్క ముందు పెట్టింది.

"అత్తా, షో చెయ్యి," అంది కీర్తి. "నాన్నకి ఎంత నొక్కావో ఎగ్జాక్ట్‌గా అంతే. భయపడి తక్కువ చేయొద్దు, ఓకే?"

అక్క వేలు ఆనించి, కళ్లు మూసుకుని, నొక్కింది. ముక్క వంగింది. బాగా వంగింది. అక్క వేలు తీసింది. అందరం ట్రే మీదికి వంగి, పొయ్యి మీద పాలు చూసినట్టు చూశాం. మొదట ఏమీ జరగలేదు. తర్వాత అది ఒక పక్క నుంచి, బద్ధకంగా, ఇష్టం లేనట్టు లేచి, ఇంచుమించు మునుపటిలా నిలబడింది.

ఇంచుమించు అన్న మాట నాది కాదు, డాక్టరమ్మది. ఇక్కడ లేచింది కాబట్టి లోపలా లేచి ఉండవచ్చు అంది. అయితే లోపల తడి, వేడి, సగం అల్లుకున్న లేత కణాలు ఉంటాయి, కనుక వాపు తగ్గేదాకా వేచి చూడటం తప్ప వేరే దారి లేదంది. నేను తుమ్మినప్పుడల్లా దానికి ఇంతకంటే పెద్ద దెబ్బే తగులుతోందని కూడా చెప్పింది. అది అక్క కోసం చెప్పిందని నా అనుమానం. నిజమే అయినా మంచి మాట.

అక్క ఆ వారమే ఇర్వింగ్ వెళ్లిపోయింది. వెళ్తూ నూనె సీసా ఉమ చేతికిచ్చి, దాచెయ్యమంది.

థాంక్స్‌గివింగ్ తర్వాత

ప్రతి ఉదయం ఒకటే పరీక్ష. స్టీలు పళ్లెం తీసి ముక్కు కింద పెట్టుకుని ఊపిరి వదలడం. ఎడమవైపు గుండ్రంగా ఆవిరి మచ్చ పడేది. కుడివైపు పళ్లెం తళతళలాడేది. మా ఇంట్లో మెరిసే పళ్లెం చూసి బాధపడ్డది ఆ రోజుల్లోనే.

అక్క రోజూ ఫోన్ చేసేది. ముక్కు గురించి అడిగేది కాదు. ఏం కూర అని అడిగేది, చలి ఎలా ఉందని అడిగేది, కీర్తి పరీక్షలడిగేది. నా కెమెరా బాగుపడింది, ఈసారి ఆవిడది పాడైంది. ఇర్వింగ్‌లో ఎవరికో కవలలు పుట్టారట, నీళ్లు పోయడానికి పిలిస్తే నడుం నొప్పని వెళ్లలేదట. అది మా బావ రహస్యంగా చెప్పాడు. అక్కకు నడుం నొప్పి అన్నది మేం విన్న మొదటిసారి.

పక్కటెముక గురించి డాక్టరమ్మ ఒకసారి మాట ఎత్తింది. నేను రాత్రి పడుకుని పక్కటెముకలు తడుముకున్నాను, వీడ్కోలు చెబుతున్నట్టు.

డిసెంబర్‌లో ఒక ఉదయం పళ్లెం మీద ఎడమవైపు ఎప్పటిలా మచ్చ పడింది. కుడివైపు, పెసరబద్దంత, చిన్న మసక. నేను ఊపిరి బిగబట్టి చూశాను. అది తప్పు పద్ధతి కాబట్టి మళ్లీ వదిలాను. మళ్లీ పడింది. ఉమను పిలిచాను. ఆవిడ పళ్లెం లాక్కుని, తన కొంగుతో బాగా తుడిచి, తానే నా ముక్కు కింద పట్టుకుంది. ఈసారి కందిబద్దంత.

అది ఆవిరైపోయేలోగా ఫొటో తీసి అక్కకు పంపాను. క్షణంలో ఫోన్ వచ్చింది. అటునుంచి ముక్కు ఎగబీల్చే శబ్దం చాలాసేపు వినిపించింది. ఆ తర్వాత అక్క గొంతు సవరించుకుని, "ఆ పళ్లెం సరిగ్గా తోమలేదురా, ఉమకు చెప్పు," అంది. కవలల నడుం నొప్పి ఆ రోజుతో నయమైంది.

ఈ వేసవి

మొన్న జూన్‌లో డాక్టరమ్మ లోపల చూసి, పరంజా దాదాపు పూర్తిగా కరిగిపోయిందని చెప్పింది. ఇప్పుడు నిలబడి ఉన్నది నేనే. కళ్లజోడు పెట్టుకోవచ్చు, తలమీంచి తొడిగే టీషర్టు వేసుకోవచ్చు, ముఖం నేలకు ఆనించి సాష్టాంగపడవచ్చు. టోపీ మాత్రం దాచుకున్నాను. వేన్ గారి చెవి కూడా నిలబడిందట. ఆయన ఇప్పుడు దాన్ని టోపీ కింద దాచడం లేదు. ఊరంతటికీ చూపిస్తున్నాడు, చూడనంటే మళ్లీ పిలిచి చూపిస్తున్నాడు.

ఒక్క లోపం ఉంది. కుడివైపు, ముక్కు నడుమకు కాస్త కింద, చిన్న సొట్ట. మానేటప్పుడు అలా జరుగుతూ ఉంటుందనీ, కారణం ఇదీ అని చెప్పలేమనీ డాక్టరమ్మ అంది. మా ఇంట్లో మాత్రం కారణం అందరికీ తెలుసు. కావాలంటే చిన్న పనితో సరిచేస్తానంది. ఆలోచించుకుని చెబుతానన్నాను.

పోయిన శనివారం అక్క వచ్చింది. గుమ్మంలోనే నా గడ్డం పట్టుకుని, ముఖం వెలుతురుకు తిప్పింది. సొట్ట దగ్గర ఆవిడ చూపు ఆగింది.

"ఇది నాదేనా?"

నీదే అన్నాను. డాక్టర్ తీసేస్తానంటోంది, ఉంచమంటావా తీయించమంటావా అని అడిగాను.

అక్క ఉమవైపు చూసింది. ఉమ తలూపింది. అప్పుడు బొటనవేలు తెచ్చి, ఆనీ ఆననట్టు, ఆ సొట్టలో పెట్టింది. కొలిచి చేయించినట్టు సరిపోయింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, నా కళ్లలో కూడా. ఇక ఎవరో ఏదో మంచి మాట అనాల్సిన సమయం. అక్క ఒక అడుగు వెనక్కి వేసి, తల ఒక పక్కకు వంచి, కళ్లు చికిలించి, ఇర్వింగ్ పసిపిల్లలను చూసే చూపుతో నా ముక్కును చూసింది.

"తీయించడం ఎందుకురా," అంది. "ఎడమపక్కన కూడా ఒక్కసారి నొక్కితే సమానంగా ఉంటుంది."

నేను రెండు రంధ్రాలతోనూ నిండుగా గాలి పీల్చుకుని, సోఫా వెనక్కి పరుగెత్తాను.